ఆరోగ్య దాసోహము



వీరశైవుడు తన దైవమును గర్భగుడిలో నుంచి తలుపు మూసి ఇంటికి రాడు. ఎదపై ధరించి, తాను నడచిన చోటికెల్ల వెంట గొనిపోవును. పొలములోనున్నను, అంగడిలోనున్నను, రైలు ప్రయాణములోనున్నను ఇష్టలింగము అతని దేహమును వీడదు. దీక్షాసమయమున గురువు కరస్థలమున నుంచిన ఆ లింగము దేహమునంతటిని లింగస్థానముగ మార్చుచున్నది. కావుననే శరణుల మతమున దేహము హేయము కాదు. త్రోసిపుచ్చదగిన మలభాండము కాదు. అది శివుడు వసించు తావు. దానిని శుచిగ నుంచుట, ఆకలికి అన్నమును రోగమునకు మందును ఇచ్చి కాపాడుట పూజలో భాగమే గాని పూజకు వెలుపలి పని కాదు.

గుడి గోపురముపై రావిమొక్క మొలచిన నాడు ఊరివారందరు కూడి దానిని పెరికించి, బీటలు పూడ్పించి, సున్నము కొట్టింతురు. అది ధర్మమే. కాని అదే ఊరిలో, ఆ గుడికి నాలుగు వీధుల దూరమున, ఒక మనుష్యుని దేహాలయము దగ్గుతోను, జ్వరముతోను, రక్తహీనతతోను కూలిపోవుచున్నపుడు దానిని విచారించువారెవరు? రాతిగోడ బీటకు చందా వ్రాయు చేయి, రక్తమాంసముల గోడ బీటకు ఏల కదలదు? శివభక్తులు తమను తాము వేసికొనవలసిన ప్రశ్న ఇది.

ఒకే ఊరిలో రెండు ఆయుర్దాయములు

కావలి నెల్లూరు సీమలో సముద్రతీరమునకు చేరువగ నున్న పట్టణము. మదరాసు నుండి హౌరాకు పోవు రైలుమార్గమును, జాతీయ రహదారియును దానిని తాకుచు సాగుచున్నవి. 2011 జనాభా లెక్కలనాటికి సుమారు 90 వేల మంది అందు నివసించుచుండిరి. ప్రభుత్వ ప్రాంతీయ వైద్యశాల కలదు. ప్రైవేటు వైద్యశాలలు, మందుల దుకాణములు, కళాశాలలు కలవు. చుట్టుపట్ల పల్లెలవారు జబ్బు చేసినచో కావలికే వత్తురు. పైకి చూచినచో వైద్యమునకు కొదువ లేని ఊరు.

అట్టి పట్టణపు అంచున, కాలువగట్టు ప్రక్కనో రైలుకట్ట క్రిందనో, రేకుల గుడిసెలో బ్రతుకు ఒక కూలి తల్లిని పాఠకులు మనస్సున తలచుకొందురు గాక. ఆమెకు మూడు వారములుగ దగ్గు. సాయంకాలమున జ్వరపు వెచ్చన. వైద్యశాల ఆమె గుడిసెకు మైలు దూరము. చీటీకి పెద్ద ఖర్చు లేదు, మందు ఉచితము. అయినను ఆమె పోదు. ఏల?

వైద్యుడు రోగులను చూచు వేళయు, కూలీల అడ్డాలో మేస్త్రి మనుషులను పిలుచు వేళయు ఒకటే. వైద్యశాలకు పోయినచో ఆ దినపు కూలి పోవును. కఫము పరీక్షకిచ్చి రేపు రమ్మందురు. రెండవ దినపు కూలియు పోవును. చంకలోని బిడ్డను చూచువారు లేరు. చేతికిచ్చిన కాగితము చదువరాదు. ఏ గదికి పోవలెనో అడిగినచో కసరుదురేమోనని జంకు. క్షయ యని తెలిసినచో పనియిచ్చు ఇంటివారు గడప తొక్కనీయరని భయము. కావున ఆమె వీధి చివర ఒక సూది వేయించుకొని, రెండు మాత్రలు మ్రింగి, పనికి పోవును. నాలుగు నెలలకు రక్తము పడును. అప్పుడు చెవి కమ్మలు కుదువబెట్టి పరుగెత్తుదురు. అప్పటికి ఆ ఇంటి బిడ్డకు కూడ దగ్గు మొదలైయుండును.

వైద్యశాలకు ఆమెకు నడుమ నున్నది మైలు దూరము కాదు. ఒక దినపు కూలి దూరము, ఒక అక్షరము దూరము, ఒక కసురుమాట దూరము. ఈ దూరములను కొలుచు మైలురాళ్లు ఏ రహదారి ప్రక్కనను నాటబడలేదు.

ఇది బీదదేశముల దుర్గతి మాత్రమే యనుకొనరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన సంఘము 2008లో ప్రకటించిన నివేదికలో స్కాట్లండు దేశపు గ్లాస్గో నగరమును గూర్చిన లెక్క యొకటి కలదు. కాల్టన్ అను పేదపేటలోని పురుషుల సగటు ఆయుర్దాయము 54 సంవత్సరములు. కొన్ని మైళ్ల దూరముననే యున్న లెంజీ అను కలవారి నివాసములో 82 సంవత్సరములు. ఒకే గాలి, ఒకే ప్రభుత్వము, ఒకే భాష; అయినను 28 సంవత్సరముల తేడా. సంపద గల దేశముననే ఇట్లుండగా, రేకుల గుడిసెల మాట చెప్పనేల?

ఇది పుట్టుక వ్రాత యగునా?

ఎవరి కర్మ వారిది యని లోకము సులువుగ ననివేయును. బసవేశ్వరుడు ఆ మాటను అంగీకరింపలేదు. పుట్టుకను బట్టి ఒకనికి శుచిత్వమును మరొకనికి అశుచిత్వమును అంటగట్టు ఆచారమును ఎదిరించుటకే ఆ మహనీయుడు 12వ శతాబ్దిలో కల్యాణ నగరమున అనుభవ మంటపమును నెలకొల్పెను. చాకలి మాచయ్య, పడవ నడుపు చౌడయ్య, త్రాళ్లు పేను నులియ చందయ్య, తోలుపని చేయు హరళయ్య అచట సమాసనమున కూర్చుండిరి. హరళయ్య కుటుంబమునకు, బ్రాహ్మణ కులమున పుట్టిన మధువరసు కుటుంబమునకు జరిగిన వియ్యమును బిజ్జలుని కొలువు సహింపలేదు. ఆ తండ్రులిద్దరును ప్రాణములు సమర్పించిరని సంప్రదాయము చెప్పుచున్నది. సమత్వము ఈ మతమునకు అలంకారము కాదు. నెత్తుటితో కొన్న సొత్తు.

పుట్టుకపై ముద్ర వేసినచో ఏమగునో కావలి చరిత్రయే సాక్ష్యమిచ్చుచున్నది. ఆంగ్ల ప్రభుత్వము 1871లో నేరస్థ జాతుల చట్టమును చేసి, 1911లో దానిని మదరాసు రాజధానికిని వర్తింపజేసినది. ఎరుకలవారి వంటి సంచారజాతులను పుట్టుకతోనే నేరస్థులుగ లెక్కించు చట్టమది. 1910వ దశకమున కావలిలో అమెరికను బాప్టిస్టు మిషను నిర్వహణలో అట్టి వారికై సెటిల్‌మెంటు ఏర్పడినది. ఉప్పు, ధాన్యము, తట్టలు, చాపలు ఊరూర త్రిప్పి జీవించిన జాతిని ఒకచోట నిలిపి, హాజరు వేయించి, అనుమతి లేనిదే కదలరాదని కట్టడి చేసిరి. స్వాతంత్ర్యానంతరము, 1952లో ఆ చట్టము దేశమంతట రద్దయినది. చట్టము పోయినది గాని ముద్ర అంత త్వరగ చెరగలేదు. ముద్రపడినవాడు ఊరి అంచున నిలుచును. అంచుకు కొళాయి నీరు చివరగ వచ్చును, మురుగు కాలువ మొదటగ వచ్చును. అచట పుట్టిన బిడ్డకు విరేచనములు పట్టినచో అది ఆ బిడ్డ కర్మ యందురా? ఆ బిడ్డ తాతను అచట నిలిపినవారి కర్మ యందురా?

నీటి మాట వచ్చినది గనుక మరియొక సంగతి. ఎముకలు బిరుసెక్కి, వెన్ను వంగి, నడివయస్సుననే మనుష్యుడు కొయ్యబారు ఫ్లోరోసిస్ వ్యాధిని ఈ దేశమున మొట్టమొదట వైద్యశాస్త్రము గుర్తించినది నాటి నెల్లూరు జిల్లాలోనే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అను పరిశోధకులు దానిని ప్రకటించిరి. అంతవరకు అది గ్రహచారమని, దేవతల ఆగ్రహమని అనుకొన్నవారు ఎందరో! తీరా చూడగా కారణము త్రాగు బావినీటిలో కరగిన ఫ్లోరైడు. పోషణ తక్కువైన దేహమును ఆ విషము మరింత వేగముగ వంచును. వేరొక చోటి నీరు తెప్పించుకొనగలవాడు తప్పించుకొనెను. ఆ బావి తప్ప గతిలేనివాడు వంగెను. రోగము కులము చూడదని యందురు. నిజమే, కాని అది గూడు కట్టుకొను చోటును మాత్రము లోకమే చూపుచున్నది.

స్థావరము – జంగమము

శరణుల సిద్ధాంతమున రెండు మాటలు కలవు: స్థావరము, జంగమము. కట్టిన చోటనే నిలిచియుండునది స్థావరము; కదలునది, ప్రాణము గలది జంగమము. స్థావరము ఒకనాడు శిథిలమగును, జంగమము నిలుచును అని బసవేశ్వరుని బోధ. కదలు భక్తుని యందే శివుని చూచిన మతమిది. తెలుగు పల్లెలలో జంగమదేవర శంఖమూదుచు, గంట మ్రోగించుచు తెల్లవారుజామున వీధివీధి తిరుగుట పెద్దలెరిగినదే. మేడ యని ఆగడు, గుడిసె యని దాటిపోడు. ప్రతి గడప ముందును నిలుచును. భక్తుడు దేవుని వెదకికొని పోలేనపుడు దేవుడే భక్తుని వెదకికొని వచ్చుట జంగమ తత్త్వము.

వైద్యశాల స్థావరము. అది కావలసినదే, గుడి అక్కరలేదని ఎవ్వరును అనరు. కాని రాగలిగినవాడే వచ్చును గాక యని కూర్చున్న వైద్యము బలవంతులకే దక్కును. వైద్యము జంగమము కావలెను. గడపగడపకు నడువవలెను. ఇది భక్తి పారవశ్యమున చెప్పు మాట కాదు. శాస్త్రపరీక్షకు నిలిచిన మాట.

20వ శతాబ్ది నడిమి వరకు క్షయరోగి కొండగాలిలో, విశాలమైన శానిటోరియములో, మంచి ఆహారముతో, పూర్తి విశ్రాంతితో నెలల తరబడి ఉండవలెనని వైద్యుల నమ్మకము. మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము అట్టి ప్రసిద్ధ స్థలము. కాని దేశమున రోగులు లక్షలు, మంచములు వేలు. బీదవాని వంతు వచ్చులోపల ఆయువు తీరుచుండెను. ఆ సమయమున, 1956లో, భారత వైద్య పరిశోధనా మండలి, మదరాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిషు వైద్య పరిశోధనా మండలి కలసి మదరాసు నగరమున క్షయ చికిత్సా కేంద్రమును స్థాపించినవి. నగరమందలి బీదరోగులు 193 మందిని చీట్లు వేసినట్లు రెండు తెగలుగ విభజించి, ఒక తెగను శానిటోరియమునకు పంపిరి. రెండవ తెగను వారి వారి ఇరుకు ఇండ్లలోనే యుంచి, ఒక సంవత్సరము పాటు అవే మందులనిచ్చిరి. ఆరోగ్య కార్యకర్తలు ఆ ఇండ్లకు పోయి మందు సరిగా వాడుచున్నారో లేదో చూచుచుండిరి.

1959లో ఫలితము వెలువడినది. శానిటోరియములో మంచి తిండి, విశ్రాంతి, గాలి పొందినవారును, ఇరుకింటిలో కొద్దిపాటి తిండితో నున్నవారును ఇంచుమించు సమానముగనే కోలుకొనిరి. ఇంటివారికి రోగము సోకుట కూడ ఇంటి చికిత్స వలన హెచ్చలేదని తరువాతి పరిశీలనలో తేలినది. లోకమంతట క్షయచికిత్స త్రోవ మారినది. స్థావరము చేయలేని పనిని జంగమము చేసినది.

ఆ కేంద్రమే నేడు జాతీయ క్షయ పరిశోధనా సంస్థగ వెలయుచున్నది. ఆ సంస్థ పాల్గొన్న మరియొక పరిశోధన ఝార్ఖండు రాష్ట్రమున జరిగి, 2023లో ప్రకటితమైనది. మందు రోగిని నయము చేయును. మరి ఆ ఇంటిలోని తక్కినవారిని రోగము బారి నుండి కాపాడునదేమి? రోగుల కుటుంబములలో కొన్నింటికి ప్రతి నెల ఇంటివారందరికి సరిపడ అదనపు బియ్యము, పప్పు ఇచ్చి చూచిరి. అట్లిచ్చిన ఇండ్లలో క్రొత్తగ క్షయ సోకుట 39 శాతము తగ్గినది. శరణులు తరతరములుగ చేయుచు వచ్చిన అన్నదాసోహము క్షయకు అడ్డుకట్ట యని నేటి శాస్త్రము లెక్కలతో చూపినది. ప్రపంచమున క్షయరోగులలో ఇంచుమించు నాల్గవ వంతు భారతీయులే యైయుండగా, ఈ సంగతి ప్రతి మఠమునకును తెలియవలసియున్నది.

శరణులు చూపిన త్రోవ

ఆరోగ్యమును సమాజధర్మముగ చూచుట శరణులకు క్రొత్త కాదు. వచనకర్తలలో వైద్య సంగణ్ణ యను శరణుడు కలడు. రోగులకు చికిత్స చేయుటయే ఆయన కాయకము. సొన్నలిగె సిద్ధరాముడు నేటి సోలాపురమున పెద్ద చెరువు త్రవ్వించెను. ఒక ఊరికి మంచినీటిని మించిన వైద్యము లేదు గదా! అల్లమప్రభువు ఆ సిద్ధరాముని కలిసి, చెరువు త్రవ్వుట మంచిదే గాని త్రవ్వించితినను అహంకారమును కూడ త్రవ్వి పారవేయవలెనని బోధించినట్లు సంప్రదాయము. దానమునకు దాసోహమునకు గల భేదము ఇదియే. దానమున ఇచ్చు చేయి పైన నుండును, పుచ్చుకొను చేయి క్రింద నుండును. దాసోహమున ఇచ్చువాడే దాసుడు. పుచ్చుకొనువాడు శివస్వరూపుడు, అతడు పుచ్చుకొనుట ఇచ్చినవాని భాగ్యము.

ఆయ్దక్కి మారయ్య కథ వీరశైవ గృహములలో ప్రసిద్ధము. నేలరాలిన బియ్యపు గింజలను ఏరితెచ్చుట ఆయన కాయకము. ఒకనాడు అలవాటును మించి తెచ్చెను. ఆయన ఇల్లాలు లక్కమ్మ ఆ మూటను చూచి సంతోషింపలేదు. నేటికి కావలసినదానికంటె హెచ్చు ఏల తెచ్చితివని అడిగి, మిగులును వెనుకకు పంపివేసెను. బీదరాలైన ఆ తల్లికి తెలిసిన లెక్క నేటి పట్టణములకు తెలియవలసియున్నది. ఒక వీధిలో నీరు తోటలకు పారుచుండ, మరొక వీధిలో బిందెలు వరుస కట్టియున్నవి. ఒక ఇంట పిల్లలకు తిండి మిగిలి చెత్తకుండీ పాలగుచుండ, ఆ కుండీని ఎత్తు తల్లికి రక్తము చాలదు. ఎక్కువ యున్న చోటనే తక్కువకు కారణము దాగియున్నదని లక్కమ్మ మూట చెప్పుచున్నది.

తుమకూరు సిద్ధగంగా మఠాధిపతులు శ్రీ శివకుమార మహాస్వామివారు 2019లో లింగైక్యము చెందువరకు అన్నము, అక్షరము, ఆశ్రయము అను త్రివిధ దాసోహమును నడిపి, కులమతములు చూడక వేలాది బాలురను సాకిరి. ఆ మూటికి నాల్గవదిగ ఆరోగ్య దాసోహము చేరినచో శరణధర్మము ఈ కాలపు అవసరమునకు నిండుగ అందును.

పేదలు దయకు పాత్రులు మాత్రమే కాదు

ఇచట ఒక హెచ్చరిక అవసరము. పేదపేటవారు నోరులేనివారని, వారిని ఎవరో ఉద్ధరింపవలెనని తలచుట మరియొక అహంకారము. కలిగిరి మండలమందలి దూబగుంట యను పల్లె నెల్లూరు జిల్లాలోనిదే. 1990 తరువాత ఆ జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము సాగుచుండ, రాత్రిబడులలో కూర్చున్న కూలిస్త్రీలు తమ బ్రతుకులను గూర్చి తాము మాటలాడుకొనసాగిరి. భర్తల కూలి యంతయు సారా పాకలో కరగుచున్నదని, ఇంటికి వచ్చునవి దెబ్బలు, ఆకలి, జబ్బులు మాత్రమేనని వారికి స్పష్టమైనది. 1992లో దూబగుంట స్త్రీలు, రోసమ్మ మున్నగువారు, సారా దుకాణమును తమ ఊరినుండి తరిమివేసిరి. ఆ నిప్పు జిల్లా యంతట ప్రాకి, రాష్ట్రమంతట వ్యాపించినది. 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశమున సారా నిషేధింపబడినది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలింపబడినది. ఆ సడలింపు వేరు కథ. కాని కాలేయమును, కాపురమును, పిల్లల కంచమును కాపాడు మహత్తర ఆరోగ్య కార్యమును చేసినవారు పట్టభద్రులు కారు, ధనికులు కారు, కూలి తల్లులు. పేటవారికి ఏమి కావలెనో పేటవారినే మొదట అడుగవలెను.

ఇట్టి మాట వచ్చినపుడు ఆక్షేపణలును వచ్చును. ఇది ప్రభుత్వము చేయవలసిన పని గదా యందురు. నిజమే, ప్రభుత్వము చేయవలసినదే. 2007లో ఆరోగ్యశ్రీ పథకము వచ్చినది. పెద్ద శస్త్రచికిత్సలకు బీదలు ఆస్తులమ్ముకొను దుస్థితి కొంత తగ్గినది. 2013లో జాతీయ పట్టణ ఆరోగ్య మిషను ఏర్పడి, సుమారు 50 వేల జనాభాకు ఒక పట్టణ ఆరోగ్య కేంద్రమును, రెండు వందల నుండి ఐదు వందల ఇండ్లకు ఒక ఆశా కార్యకర్తను నిర్దేశించినది. కాని శస్త్రచికిత్సకు ధనము చెల్లించు పథకము కూలి తల్లి పోగొట్టుకొన్న రెండు దినముల కూలిని చెల్లింపదు. ఆమె చేయి పట్టుకొని ఇదిగో ఈ గది యని చూపదు. ఆమె బిడ్డను ఆ పూట చూడదు. ప్రభుత్వము త్రోవ వేయగలదు. తోడు నడచుట ఇరుగుపొరుగు పని.

వారు శుభ్రముగ నుండరు, త్రాగుదురు, చెప్పినచో వినరు అని మరికొందరందురు. నాలుగు దినములకొకసారి నీరు వచ్చు చోట శుభ్రతను బోధించుట, కట్టెలు లేని ఇంట వంటను బోధించుట వంటిది. మొదట నీరు, తరువాత బోధ.

పంచాచారములలో ఆరోగ్య దాసోహము

ఏమి చేయవలెనను ప్రశ్నకు పంచాచారములే సమాధానము చెప్పుచున్నవి.

లింగాచారము: నిత్యము ఇష్టలింగమును అర్చించుట. ఎదపై లింగమున్న దేహమును నిర్లక్ష్యము చేయువాడు లింగమునే నిర్లక్ష్యము చేసినవాడు. కావున ప్రతి భక్తుడును తన ఇంటివారి జబ్బును దాచక వైద్యునికి చూపవలెను. విభూతి నుదుట ధరింపవలసినదే. ధరించి వైద్యశాలకు నడువవలసినదే. జ్వరము తగ్గని బిడ్డకు పాదోదకమునిచ్చి మందును మానిపించుట భక్తి కాదు. పాదోదకము మనస్సునకు బలము. మందు దేహమునకు బలము. రెండింటిని ఇచ్చినవాడు ఒక్కడే శివుడు.

సదాచారము: న్యాయమైన కాయకముతో జీవించుట, పనిచేయువానికి న్యాయము చేయుట. ఇంటిలో అంట్లు తోమునామెకు, దుకాణములో మూటలు మోయువానికి జబ్బు చేసిన దినమున కూలి కోయకుండుట సదాచారము. రోగములు ముదురుటకు ఆ కోత కూడ ఒక కారణము. పండుగనాడు చీర యిచ్చి, జబ్బునాడు కూలి కోసినచో ఆ చీర దాసోహము కాదు.

శివాచారము: శివుని బిడ్డలలో భేదము చూడకుండుట. పారిశుద్ధ్య పని చేయువారు మంచినీరడిగినపుడు వారికై వేరుగ గూట బోర్లించిన గ్లాసు ఏ లింగవంతుని ఇంటనైన ఇంకను ఉన్నచో, హరళయ్య త్యాగము ఆ ఇంటికి చేరలేదన్న మాట. రోగిని రోగమును బట్టి వెలివేయుట కూడ శివాచార భంగమే. సరిగా మందు వాడుచున్న క్షయరోగి వలన సోకు భయము కొలదికాలముననే తగ్గిపోవును. వెలివేత భయముతో జబ్బును దాచినవాని వలననే అది వ్యాపించును. కావున వెలివేత పాపమే కాక అవివేకము కూడ.

భృత్యాచారము: తాను అందరికంటె చిన్నవాడనని సేవించుట. మఠములలో, యువజన సంఘములలో చదువుకొన్న వారు వారమునకొక పూట వైద్యశాల వాకిట నిలిచి, చదువురాని వారికి చీటీ చదివి పెట్టి, గది చూపి, మందు ఎప్పుడు మ్రింగవలెనో చెప్పినచో చాలును. దీనికి చందా అక్కరలేదు, భవనము అక్కరలేదు. 2022లో ఆరంభమైన నిక్షయ మిత్ర పథకము ప్రకారము, వ్యక్తులు గాని సంస్థలు గాని క్షయరోగుల అంగీకారముతో వారికి పోషకాహారమును అందింపవచ్చును. ఒక మఠము పది ఇండ్లకు నెలనెల బియ్యము, పప్పు, నూనె పంపినచో అది శివరాత్రి నాటి ఒక్క పూట సంతర్పణకు తీసిపోదు. రోగి పేరును బయటపెట్టరాదు, ఫోటో తీయించుకొనరాదు, మాలలు వేయించుకొనరాదు. సిద్ధరామునికి అల్లముడు చెప్పినది ఇదియే.

గణాచారము: సమూహమునకు అన్యాయము జరిగినపుడు ఊరకుండక నిలుచుట. కొళాయి రాని వీధి కొరకు, మూతలేని మురుగుకాలువ కొరకు, మందు లేదని త్రిప్పి పంపిన కేంద్రము కొరకు పురపాలక సంఘము నడుగుట రాజకీయము కాదు; గణాచారము. పేటవారు వినతిపత్రము పట్టుకొని పోయినపుడు వారి వెంట నలుగురు లింగవంతులు నిలిచినచో ఆ కాగితమునకు బరువు వచ్చును. ముందు నడువనక్కరలేదు, వెంట నిలిచినచో చాలును.

తెలుగున కావలి యను మాటకు కాపు, రక్షణ యని యర్థము. పొలమునకు కావలి యున్నవాడు రాత్రియంతయు ఒకే మంచెపై కూర్చుండడు; గట్టుగట్టు తిరుగును. తన దీపము వెలుగు పడని మూలయందే పంటకు హాని యని ఆతనికి తెలియును. ఊరి ఆరోగ్యమునకు కావలి కాయువారును అట్లే తిరుగవలెను. ఆ మూలలోని గుడిసెలో దగ్గుచున్న తల్లి యెదలో లింగము కనబడకపోవచ్చును. గురువు ఆమెకు దీక్ష ఈయకపోవచ్చును. అయినను ఆ శ్వాస శివునిదే. ఆమె వైద్యశాలకు రాలేకపోయిన ఉదయమున, శంఖము లేకున్నను గంట లేకున్నను, ఆమె గడప ముందు నిలిచి, రమ్మా, నేను తోడు వత్తునని పిలిచిన మనుష్యుడే ఆ దినమునకు జంగముడు.